ఇంగ్లండ్‌లో దెయ్యాలు తిరుగుతాయని పేరుపడ్డ మేనర్ హౌస్ చూడటానికి వెళ్తున్నారా? ఇలా ప్లాన్ చేసుకోండి

ఇంగ్లండ్ పల్లెల్లో మేనర్ హౌస్‌లు చాలా ఉన్నాయి. చుట్టుపక్కల భూములన్నీ చేతిలో ఉన్న ఒక కుటుంబం తరతరాలుగా కాపురమున్న పెద్ద ఇల్లు, జమీందారు గారి దివాణం లాంటిదన్నమాట. నాలుగు వందలు, ఐదు వందల ఏళ్ల నాటివి ఇప్పటికీ పైకప్పుతో సహా నిలబడి ఉన్నాయి, వాటిలో దెయ్యం కథ లేని ఇల్లు వెతికితేగానీ దొరకదు. దెయ్యం కనిపిస్తుందేమో అని మాత్రమే వెళ్తే గంటలో బయటికొచ్చేస్తారు. అక్కడ తిరుగుతుందంటున్న ఆ మనిషి ఎవరు, వాళ్లకి నిజంగా ఏం జరిగింది, ఆ కథ ఆ గదినే ఎందుకు పట్టుకుంది అని అడుగుతూ వెళ్తే రోజంతా చాలదు. మీరు నమ్మినా నమ్మకపోయినా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు ఆ ఇల్లు ఎవరి చేతిలో ఉందో చూసుకోండి

మీ ప్లాన్ మొత్తం దీని మీదే ఆధారపడుతుంది. కొన్ని ఇళ్లు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంటాయి, టికెట్ కొనుక్కుని ఎవరైనా వెళ్లొచ్చు. కొన్నిట్లో ఇప్పటికీ ఆ కుటుంబమే కాపురముంటుంది, ఏడాదిలో కొన్ని రోజులే తెరుస్తారు, అదీ ముందుగా బుక్ చేసుకుంటేనే. ఇలాంటి ప్రైవేటు ఇళ్లకి హిస్టారిక్ హౌసెస్ అని ఒక సంఘం ఉంది, వాళ్ల సైట్‌లో ఏ ఇల్లు ఎప్పుడు తెరుస్తారో దొరుకుతుంది. ఇంకొన్ని హోటళ్లయిపోయాయి. విల్ట్‌షైర్‌లోని లిటిల్‌కోట్ హౌస్ అలాంటిదే. 1589లో చనిపోయిన విలియం డారెల్ అనే యజమాని అప్పుడే పుట్టిన బిడ్డని మంటల్లో వేశాడని అక్కడి కథ. రాత్రి అక్కడే పడుకోవాలని ఉన్నవాళ్లకి ఇలాంటి హోటళ్లే సరైన దారి. టికెట్ కొన్న ఇంట్లో మూలన నక్కి ఉండిపోవాలనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

నార్ఫోక్‌లో రేనమ్ హాల్ అని ఉంది, బహుశా ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పేరున్న దెయ్యం ఫొటో అక్కడిదే. 1936 సెప్టెంబర్ 19న కంట్రీ లైఫ్ పత్రిక కోసం వెళ్లిన ఇద్దరు ఫొటోగ్రాఫర్లు మెట్ల మీద తెల్లటి ఆకారం ఒకటి తీశారు, అదే ఏడాది డిసెంబర్‌లో అచ్చయింది. ఒకే ఫిల్మ్ మీద రెండు బొమ్మలు పడ్డాయని కొందరు, వెలుతురు లెన్స్‌లోకి దూరిందని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ ఆకారం ఎవరిదని చెబుతారో ఆవిడ పేరు డొరొథీ, బ్రిటన్ మొదటి ప్రధానిగా చెప్పే రాబర్ట్ వాల్పోల్ చెల్లెలు, 1726లో మశూచితో చనిపోయిందని రాతల్లో ఉంది, భర్త గదిలో బంధించాడని జనం చెప్పుకుంటారు. ఫొటో చూసి చాలామంది నేరుగా ఆ ఇంటికి బయల్దేరతారు గానీ అది నేటికీ ప్రైవేటు ఇల్లు. తెరిచే రోజు చూసుకోకుండా వెళ్తే గేటు చూసి వెనక్కి రావాలి.

మొదటిసారి వెళ్తుంటే నేషనల్ ట్రస్ట్ ఇల్లే ఎంచుకోమంటాను. చాలా గదుల్లో వాలంటీర్ ఉంటారు, అడిగితే ఓపిగ్గా చెబుతారు, ఆ ఇంటి గురించి బాగా పరిశోధన జరిగి ఉంటుంది.

బయల్దేరే ముందు తేదీలు రాసుకోండి

అందరూ వదిలేసే పని ఇదే, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ఇల్లు ఎప్పుడు కట్టారు, దెయ్యమంటున్న మనిషి ఎప్పుడు ఎక్కడ చనిపోయారు, ఆ గది అప్పటికి ఉందా లేదా.

నార్ఫోక్‌లోనే ఉన్న బ్లిక్లింగ్ హాల్‌నే తీసుకోండి. ఎనిమిదో హెన్రీ రాజు రెండో భార్య ఆన్ బొలీన్ తల నరికించాడు కదా, ఏటా మే 19 రాత్రి ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని తలల్లేని గుర్రాలు లాగే బండిలో ఈ ఇంటికి వస్తుందని కథ. మే 19 అనే తేదీ నిజం, 1536లో ఆ రోజే లండన్ టవర్‌లో ఆవిడకి మరణశిక్ష అమలైంది, అక్కడి చాపెల్‌లోనే పాతిపెట్టారు. బ్లిక్లింగ్ బొలీన్ కుటుంబానిదన్నదీ నిజమే, ఆవిడ అక్కడే పుట్టి ఉండొచ్చంటారు. కానీ మీరు లోపలికెళ్లి చూసే ఎర్ర ఇటుకల భవనం ఆవిడ చూసింది కాదు. హెన్రీ హోబార్ట్ అనే న్యాయమూర్తి 1616లో ఆ ఎస్టేట్ కొని, హాట్‌ఫీల్డ్ హౌస్ అనే మరో పెద్ద ఇల్లు కట్టిన రాబర్ట్ లైమింజ్ చేత కొత్తగా కట్టించాడు. అంటే ఆవిడ చనిపోయిన ఎనభై ఏళ్ల తర్వాత మొదలైన ఇల్లు. దీంతో కథ విలువ తగ్గిపోతుందని నేననుకోను, చూడటానికి ఇంకా ఎక్కువ దొరుకుతుంది. లోపల గ్రేట్ హాల్ మెట్ల దగ్గర ఆన్ బొలీన్ చెక్క శిల్పం ఉంది, ఆవిడ 1507లో ఇక్కడే పుట్టిందని లాటిన్‌లో చెక్కి ఉంటుంది, ఆ శిల్పం ఆవిడ పోయిన రెండు శతాబ్దాల తర్వాతది. ఆ ఇంటి తర్వాతి యజమానులు ఆవిడ పేరుని గర్వంగా తమ గోడకెక్కించుకున్నారన్నమాట. దెయ్యం కథ ఎలా బతుకుతుందో ఆ శిల్పం ముందు నిలబడితే అర్థమవుతుంది.

అదే ఇంట్లో ఇంకో కథ ఉంది, దీనికి తేదీలన్నీ కుదురుతాయి. 1698 ఆగస్టులో ఇంటి యజమాని సర్ హెన్రీ హోబార్ట్, పైన చెప్పినాయన కాదు, అదే వంశంలో తర్వాతి తరం మనిషి, కాస్టన్ దగ్గర మైదానంలో ఆలివర్ లె నీవ్‌తో కత్తులతో ద్వంద్వయుద్ధం చేసి గాయపడి ఈ ఇంట్లోనే ప్రాణం విడిచాడు. లె నీవ్ హాలండ్‌కి పారిపోయాడు. హోబార్ట్ మూలుగులు వినిపిస్తాయని చెప్పుకునే గదులు మామూలుగా చూసేవాళ్లు అంతగా పట్టించుకోరు. కారుంటే కాస్టన్ వెళ్లి ఆ యుద్ధం జరిగిన చోట నిలబెట్టిన రాయి చూసి రండి. ఆన్ బొలీన్ బండి కంటే నన్ను ఎక్కువ కదిలించేది ఈ కథే, ఎందుకంటే ఇది నిజంగా ఆ గోడల మధ్య జరిగింది.

ఇంటి పక్కన ఊరి చర్చి ఉంటుంది, అక్కడికీ తప్పకుండా వెళ్లండి. కుటుంబంలో ఎవరు ఎప్పుడు పోయారో అక్కడి సమాధులే చెబుతాయి. బ్లిక్లింగ్ చర్చి నేలలో 1479లో చిన్నపిల్లగానే చనిపోయిన మరో ఆన్ బొలీన్ ఇత్తడి ఫలకం ఉంది, రాణికి మేనత్త వరస.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

అక్టోబర్ ఆఖరి వారం వద్దు. హాలోవీన్ జనం, పిల్లలకి సెలవులు, ప్రతి గదిలో క్యూ. బ్లిక్లింగ్‌కి మే 19 కూడా అంతే, పైగా కథ ప్రకారం బండి వచ్చేది రాత్రి, ఇల్లు మూసేసేది సాయంత్రం. నవంబర్‌లోనో మార్చిలోనో ఒక మామూలు పనిదినం మధ్యాహ్నం మంచిది, వెలుతురు వాలిపోతుంటుంది, గదిలో మీరూ వాలంటీరూ తప్ప ఎవరూ ఉండరు. కాకపోతే చలికాలంలో చాలా ఇళ్లు తోటలు మాత్రం తెరిచి గదులు మూసేస్తాయి, కొన్ని గదుల్ని శుభ్రం చేయడానికి దుప్పట్లు కప్పేస్తాయి. ఆ రోజు ఏ గదులు తెరిచి ఉంటాయో, ఆఖరి ఎంట్రీ ఎన్నింటికో ముందురోజే సైట్‌లో చూసుకోండి. సెప్టెంబర్‌లో హెరిటేజ్ ఓపెన్ డేస్ అని ఇంగ్లండ్ అంతటా జరుగుతాయి, మామూలుగా మూసి ఉండే చోట్లు కూడా అప్పుడు ఉచితంగా తెరుస్తారు.

ఈ ఇళ్లు ఊళ్లకి దూరంగా ఉంటాయి, కారు లేకపోతే కొంచెం టెన్షనే. బ్లిక్లింగ్‌కి లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి నారిచ్‌కి దాదాపు రెండు గంటల రైలు, అక్కడి నుంచి ఐల్షమ్‌కి బస్సు, ఆ తర్వాత రెండు కిలోమీటర్లకి పైగా నడక లేదా ట్యాక్సీ. వార్విక్‌షైర్‌లోని బ్యాడెస్లీ క్లింటన్‌కి బర్మింగ్‌హామ్ వైపు నుంచి లాప్‌వర్త్ స్టేషన్‌లో దిగి మూడు కిలోమీటర్ల పైచిలుకు నడవాలి. ఐదింటికే చీకటి పడే నెలల్లో ఫుట్‌పాత్ లేని పల్లె రోడ్డు మీద నడవడం దెయ్యాలకన్నా ప్రమాదం, తిరుగు ట్యాక్సీ ముందే మాట్లాడి పెట్టుకోండి.

సన్నటి మడమల చెప్పులు వద్దు, పాత చెక్క నేలకి సొట్టలు పడతాయని ఆపేస్తారు. పెద్ద బ్యాక్‌ప్యాక్ బయట పెట్టమంటారు. రాసుకోవడానికి పెన్ను కాకుండా పెన్సిల్ తీసుకెళ్లండి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు చాలాచోట్ల తీసుకోనిస్తారు, అయినా అడిగి తీయండి. జూలైలో వెళ్లినా ఒక స్వెట్టర్ బ్యాగ్‌లో వేసుకోండి, ఎందుకో కింద చెబుతాను.

లోపల ఏం గమనించాలి

అడుగుపెట్టగానే మొదట తెలిసేది చీకటి. పరదాలు దించేసి ఉంటాయి, పగటిపూటే సాయంత్రంలా అనిపిస్తుంది. పాత బట్టలు, నీటిరంగుల చిత్రాలు వెలుతురుకి వెలిసిపోతాయి కాబట్టి వాటి మీద 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురుని కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడకుండా చూస్తారు, మామూలు ఆఫీసు గదిలో ఉండేది 500 లక్స్ వరకూ. కళ్లు అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ కొన్ని నిమిషాల్లోనే మూలనున్న కుర్చీ మనిషిలా కనిపిస్తుంది. అందుకని గదిలోకి వెళ్లగానే కదలకుండా నిలబడండి, తర్వాతే ఏదైనా చూశానని అనుకోండి.

రెండోది చలి. ఈ ఇళ్లలో హీటింగ్ మనుషుల కోసం నడపరు, వస్తువుల కోసం నడుపుతారు. గాలిలో తేమ మరీ పెరగకుండా, మరీ తగ్గకుండా ఉంచడమే దాని పని, గది వెచ్చబడటం దానికి ముఖ్యం కాదు. పెద్ద పొయ్యిగూళ్ల పొగగొట్టాల్లోంచి గాలి దిగుతూనే ఉంటుంది. ఒక్క చోట మాత్రం చల్లగా తగిలిందంటే చేతి వెనక భాగం పెట్టి ఆ గాలి ఏ వైపునుంచి వస్తోందో వెతకండి. పొయ్యిగూడు, కిటికీ చట్రం, గోడలో కలిసిపోయేలా చేసిన పనివాళ్ల తలుపు, సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి దొరుకుతుంది. ఆ పనివాళ్ల తలుపుల గురించి వాలంటీర్‌ని తప్పక అడగండి. యజమానుల కంట పడకుండా పనివాళ్లు తిరగడానికి వెనక మెట్లు, సన్నటి దారులు ఉండేవి, తర్వాతి కాలంలో కొన్ని తలుపులు మూసి గోడ కట్టేశారు. ఎవరో గోడలోకి నడిచి వెళ్లారనే కథ విన్నప్పుడల్లా ఆ గోడలో ఒకప్పుడు తలుపుండేదా అనేది నా మొదటి ప్రశ్న.

ఇక చప్పుళ్లు. ఓక్ దూలాల్లో డెత్‌వాచ్ బీటిల్ అనే పురుగు ఉంటుంది, వసంతంలో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, జత కోసం తలని చెక్కకేసి టకటకా కొడుతుంది. పూర్వం చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన నిశ్శబ్దంగా కూర్చున్నవాళ్లకి ఈ చప్పుడు వినిపించి అది చావుకి సంకేతమనుకునేవాళ్లు. సాయంత్రం చల్లబడేకొద్దీ చెక్క ముడుచుకుని మెట్లు వరసగా కిర్రుమంటాయి, ఎవరో ఎక్కుతున్నట్టే ఉంటుంది. చెవికి అందని చప్పుడు సంగతి కూడా ఉంది. విక్ టాండీ అనే ఇంజనీరు తన ల్యాబ్‌లో పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించడానికి కారణం వెతికితే ఒక ఫ్యాన్ నుంచి వచ్చే దాదాపు 19 హెర్ట్జ్, అంటే సెకనుకి పందొమ్మిది సార్లు ఊగే కంపనం తేలింది, 1998లో దాని మీద వ్యాసం రాశాడు. హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో రిచర్డ్ వైజ్‌మన్ అనే సైకాలజిస్టు బృందం చేసిన పరిశోధనలో కూడా జనం వింత అనుభవాలు చెప్పిన చోట్లకీ అక్కడి వెలుతురు, అయస్కాంత క్షేత్రం లాంటి వాటికీ సంబంధం కనిపించింది. ఇవన్నీ తెలిశాక కూడా కొన్ని గదుల్లో వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, నాకూ అంతే, అందులో తప్పేమీ లేదు.

బ్యాడెస్లీ క్లింటన్‌కి వెళ్తే చీకటి కన్నా పెద్ద భయం ఒకటి అర్థమవుతుంది. చుట్టూ నీళ్ల కందకం ఉన్న చిన్న, అందమైన మేనర్ అది. కాథలిక్ పూజ చేయడం నేరమైన రోజుల్లో, 1591 అక్టోబర్‌లో, అధికారులు సోదాకి వస్తే పాత మురుగు కాలువ సొరంగంలో మతగురువులు దాక్కుని దాదాపు నాలుగు గంటలు నీళ్లలో నిలబడ్డారు, దొరకలేదు. దొరికుంటే వాళ్లకి చావే. అదే ఇంటి యజమాని నికొలస్ బ్రోమ్ అంతకుముందు శతాబ్దంలో ఒక పూజారిని చంపి, ప్రాయశ్చిత్తంగా చర్చి గోపురాలు కట్టించాడు, తనని తొక్కుకుంటూ జనం లోపలికి వెళ్లాలని చర్చి గుమ్మం కింద నిలువునా పాతిపెట్టించుకున్నాడని చెబుతారు. ఇంట్లో వినిపిస్తాయనే అడుగుల చప్పుడు కన్నా ఈ రెండు సంగతులే నాకు ఎక్కువ గుర్తుంటాయి. మతగురువులు దాక్కునే ఇలాంటి రహస్య స్థలాలు ఇంకా చూడాలంటే వూస్టర్‌షైర్‌లోని హార్వింగ్టన్ హాల్‌కి వెళ్లండి, అక్కడ ఏడున్నాయి.

వాలంటీర్లని ఎలా అడగాలన్నది కూడా చెప్పాలి. "ఇక్కడ దెయ్యం ఉందా?" అంటే రోజూ వినే ప్రశ్న కాబట్టి రోజూ చెప్పే జవాబే వస్తుంది. "సాయంత్రం తాళాలు వేసేటప్పుడు మీకు ఒంటరిగా వెళ్లాలనిపించని గది ఏది?" అని అడిగి చూడండి. "ఈ కథ మొదట ఎవరు రాశారు, ఎప్పుడు?" అనేది ఇంకో మంచి ప్రశ్న. చాలా కథలు సంఘటన జరిగిన రెండు మూడు వందల ఏళ్ల తర్వాత, పందొమ్మిదో శతాబ్దంలో కాగితం మీదికి వచ్చినవే.

రాత్రి కార్యక్రమానికి వెళ్లాలనుకుంటే

కొన్ని ఇళ్లని బయటి కంపెనీలు రాత్రికి అద్దెకి తీసుకుని గోస్ట్ హంట్‌లు, అంటే దెయ్యాల్ని వెతికే కార్యక్రమాలు నడుపుతాయి, ఎక్కువగా పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. డబ్బు కట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: ఎంతమందిని తీసుకెళ్తారు, ఏయే గదులు తెరుస్తారు, రద్దైతే డబ్బు తిరిగొస్తుందా. నలభై మందిని ఒకే హాల్లో నిలబెట్టే చోటికి వెళ్లకండి, ఎవరు దగ్గారో కూడా తెలియదు. ఆ ఇంటి ఆఫీసుకే ఫోన్ చేసి వాళ్లు స్వయంగా నడిపే సాయంత్రం టూర్లు ఉన్నాయేమో అడగండి, ఉంటే వాటికే వెళ్లమంటాను, చరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు.

ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. అక్కడ ఇచ్చే, విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఈఎంఎఫ్ మీటర్ మీ ఫోన్‌కీ గోడలోని కరెంటు వైర్లకీ కూడా మోగుతుంది. ఆడియో రికార్డ్ చేస్తుంటే మీకు కడుపులో గుడగుడమన్నా, కాలు కదిపినా వెంటనే "ఇది నేనే" అని పైకి అనండి, లేకపోతే మర్నాడు విన్నప్పుడు మీ చప్పుడు మీకే వింతగా ఉంటుంది. ఏదైనా అనిపిస్తే పక్కవాళ్లతో మాట్లాడకముందే టైమ్, గది, ఏం జరిగింది అన్నది రాసుకోండి. ఒకరు "నాకు చల్లగా ఉంది" అన్నాక అందరికీ చల్లగానే ఉంటుంది. పాత మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంటాయి, టార్చ్ లేకుండా కదలొద్దు. కొవ్వొత్తులు అసలు వద్దు.

పాత ఇల్లు ఏదైనా అద్దెకి తీసుకుని రాత్రి పడుకుంటుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే రంగూ వాసనా లేని విషవాయువుని పసిగట్టే అలారం ఒకటి వెంట తీసుకెళ్లండి. 1921లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ఒక కుటుంబం సంగతి వచ్చింది, ఇంట్లో అడుగుల చప్పుళ్లు, ఆకారాలు, తలనొప్పులు, చివరికి కారణం పొగ లీకవుతున్న ఫర్నేస్, అంటే ఇల్లు వేడిచేసే కొలిమి. తలనొప్పి, వికారం, ఎవరో ఉన్నారనే భయం మూడూ కలిసి వస్తే కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి, ఆలోచన తర్వాత.

మర్యాద

మూసిన గేట్లు దూకొద్దు. ఎసెక్స్‌లోని బోర్లీలో, ఇంగ్లండ్‌లోకెల్లా ఎక్కువ దెయ్యాలున్న ఇల్లని పేరుపడ్డ పూజారి ఇల్లు 1939లో కాలిపోయింది, 1944లో కూల్చేశారు, అక్కడ ఇప్పుడు చూడ్డానికి ఆ ఇల్లే లేదు, అయినా అర్ధరాత్రి కార్లేసుకుని వచ్చేవాళ్ల గోల ఆ ఊరివాళ్లకి తప్పడం లేదు. అలాంటి చోటికి పగలు వెళ్లి చర్చి చూసి రావడమే పద్ధతి.

చనిపోయినవాళ్ల గురించి ఆ గదిలో నిలబడి వెకిలిగా మాట్లాడకండి. ఆన్ బొలీన్ చనిపోయేనాటికి ఆవిడ కూతురికి మూడేళ్లు నిండలేదు. పిల్లల్ని తీసుకెళ్తుంటే వాళ్లకి తల నరికిన సంగతి ముందే మీ మాటల్లో చెప్పి తీసుకెళ్లండి, గదిలో హఠాత్తుగా వింటే రాత్రి నిద్రపోరు. భయపడి ఏడిస్తే తోటలోకి తీసుకెళ్లిపోండి, గది మళ్లీ చూడొచ్చు.

మీకు నిజంగా వివరించలేనిది ఏదైనా ఎదురైతే బయటికొచ్చాక ఆ ఇంటివాళ్లకి ఈమెయిల్ రాయండి. తేదీ, టైమ్, గది, మీరు నిలబడిన చోటు, ఆ రోజు గాలీ వానా ఎలా ఉన్నాయి, ఆ గది కథ మీకు ముందే తెలుసా లేదా, ఈ వివరాలన్నీ పెట్టండి. ముందే తెలిసుంటే దాచకుండా రాయండి, చదివేవాళ్లకి అన్నిటికన్నా అవసరమైన వివరం అదే.